తీగలు లేని ఇంటిలో చిక్కుముడులు

1895లో కలకత్తా టౌన్ హాలులో జగదీశ్ చంద్ర బోసు గారు ఒక ప్రదర్శన జరిపారు. ఒక గదిలోని పరికరం నుండి వెలువడిన విద్యుదయస్కాంత తరంగాలు మధ్యనున్న గోడలను దాటుకొని, సుమారు 75 అడుగుల దూరాన ఉన్న మరొక గదికి చేరి, అక్కడ ఒక గంటను మోగించాయి. కొంచెం తుపాకిమందును పేల్చాయి. సభాధ్యక్షులుగా విచ్చేసిన లెఫ్టినెంట్ గవర్నరు గారి శరీరం కూడా ఆ తరంగాల దారిలోనే ఉన్నదని చెబుతారు. తీగ అనేది లేకుండా ఒక గదిలో మీట నొక్కగా మరొక గదిలో గంట మోగటమే నేడు మనం స్మార్ట్ హోమ్ అని పిలుచుకొనే ఏర్పాటుకు మూలరూపం. నూటముప్పై ఏళ్ళ పిమ్మట మన వీధి తలుపు గంట కూడా చేస్తున్న పని అదే. కాకపోతే అది ఎప్పుడు మోగుతుందో, ఎప్పుడు మోగదో చెప్పటం కష్టంగా ఉన్నది.

రసాయన శాస్త్రం నా వృత్తి. రౌటర్లతో, కెమేరాలతో నాకు ఉద్యోగ సంబంధం ఏమీ లేదు. అయినప్పటికీ, పేరుకు ముందు డాక్టరు అని ఉన్నవారు జ్వరానికి మందూ చెప్పగలరు, ఆగిపోయిన రౌటరునూ నడిపించగలరు అనే నమ్మకం మన సంఘంలో బలంగా వేళ్ళూనుకొని ఉన్నది. ఉగాది విందులో పులిహోర వడ్డించుకొనే వరుసలో నన్ను ఆపి అడిగే ప్రశ్నలలో సగం వీటిని గురించినవే. కొంతకాలంగా గమనిస్తే ఈ చిక్కులలో చాలా భాగానికి కారణం ఎలక్ట్రానిక్సులో కాక, నీటిలో, జిప్సంలో, జింకులో, లిథియంలో, అంటే నాకు పరిచయమున్న పదార్థాలలోనే కనిపించింది. అందుచేత ఈ వ్యాసం రాసే సాహసం చేస్తున్నాను. మరొక కారణం కూడా ఉన్నది. ఆరు నెలలకని వచ్చిన తల్లిదండ్రులను పగలంతా ఇంట ఒంటరిగా ఉంచి ఉద్యోగాలకు పోయేవారం మనం. విజయవాడలోనో, వరంగల్లులోనో ఉన్న వృద్ధులను వేల మైళ్ళ దూరం నుండి ఈ పరికరాల ద్వారానే చూసుకొనేవారం కూడా మనమే. బల్బు వెలగకపోతే నవ్వుకోవచ్చు గాని, అన్నిటినీ అలా నవ్వి వదిలివేయలేము.

ముందుగా తరంగం కొలత తెలుసుకోవాలి. ఇంటి పరికరాలలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద మాట్లాడుకుంటాయి. కాంతివేగాన్ని ఈ సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు వస్తుంది. మన పాత కొలతలలో చెప్పాలంటే బెత్తెడుకు ఎక్కువ, జానెడుకు తక్కువ. ఫోనులు, కంప్యూటర్లు ఇష్టపడే 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఇందులో సగం కన్నా తక్కువ. పొడవైన తరంగం గోడలను కొంత సులువుగా దాటుతుంది. పొట్టి తరంగం ఎక్కువ సమాచారాన్ని మోయగలదు గాని, గోడ ఎదురైతే త్వరగా అలసిపోతుంది. ఇంటిలోని తరంగం ఒక్క దారిన రాదు. నేరుగా కొంత, ఫ్రిజ్జు తలుపు మీద పడి కొంత, అద్దం మీద పడి కొంత వస్తుంది. ఈ ముక్కలు ఒక చోట ఒకదానికొకటి తోడవుతాయి, మరొక చోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఈ రెండు చోట్ల మధ్య దూరం చాలాసార్లు రెండు మూడు అంగుళాలే. కాబట్టి అల్మారా మీద పెట్టిన పరికరం పనిచేయటం లేదని పెట్టెలో సర్ది దుకాణానికి తిరిగి పంపేముందు, దాన్ని బెత్తెడు పక్కకు జరిపి చూడటం శాస్త్రసమ్మతమైన పనే.

అమెరికాలోని చాలా ఇళ్ళ లోపలి గోడలు జిప్సం పలకలు. జిప్సం అంటే కాల్షియం సల్ఫేటు. దాని స్ఫటికంలో ప్రతి అణువుకు తోడుగా రెండు నీటి అణువులు ఇమిడి ఉంటాయి. లెక్క కడితే గోడ బరువులో సుమారు 21 శాతం నీరే! ఈ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుందని అందరూ వినే ఉంటారు. అయిదోవంతు నీరు ఉన్న గోడలో నుండి తరంగం ఎలా పోగలుగుతున్నది? నీటి అణువుకు ఒక కొస ధనావేశం, మరొక కొస ఋణావేశం ఉంటాయి. తరంగం వచ్చినప్పుడు ద్రవంలోని అణువు అటూ ఇటూ తిరగబోయి పక్క అణువులతో రాసుకొని, తరంగశక్తిని వేడిగా మారుస్తుంది. జిప్సం స్ఫటికంలోని అణువు కట్టుకొయ్యకు కట్టివేసిన ఆవు వంటిది. తిరగటానికి దానికి చోటు లేదు. తిరగలేని నీరు తరంగాన్ని పీల్చలేదు. మంచుగడ్డ కూడా అంతే. ఫ్రీజరులో నుండి తీసిన గిన్నెను మైక్రోవేవులో పెడితే అంచున కరిగిన భాగం సలసల కాగుతుండగా నడుమ గడ్డ అలాగే మిగిలిపోవటానికి కారణం ఇదే.

స్వేచ్ఛగా ఉన్న నీరు వేరు. చేపల తొట్టి, మంచినీళ్ళ డబ్బాల దొంతర, నలుగురు కూర్చున్న సోఫా, ఇవన్నీ తరంగానికి మంచి అడ్డుగోడలు. పార్టీ మొదలు కాగానే హాలు మూలనున్న స్పీకరు తడబడితే దానికి జనసమ్మర్దమే కారణం కావచ్చు. ఇక లోహం సంగతి చెప్పనక్కరలేదు. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు కట్టిన ఇళ్ళలో కొన్నిచోట్ల సున్నపు గార వెనుక ఇనుప జాలీ ఉంటుంది. రంధ్రం తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్నదైతే ఆ జాలీ తరంగం దృష్టిలో ఇనుప రేకుతో సమానం. కొత్త ఇళ్ళలో వేడిని ఆపటానికి కిటికీ గాజుకు పూసే పలుచని వెండి పొర కూడా ఇదే పని చేస్తుంది. కిటికీ బయట పెట్టిన కెమేరా లోపలి రౌటరుకు అందకపోవటంలో ఆశ్చర్యం లేదు. మన ఊళ్ళలో తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, ఇనుప చువ్వలతో పోసిన స్లాబు ఉంటాయి. కింద అంతస్తులో ఒక్క రౌటరు పెట్టి మేడమీద పనిచేయలేదనటం అన్యాయం. దొంగల భయంతో దాన్ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసినవారిని కూడా నేను ఎరుగుదును.

మైక్రోవేవు పేరు వచ్చింది గనుక దాని కథ కొంత చెప్పాలి. 1945లో రేథియాన్ సంస్థలో రాడారు మీద పనిచేస్తున్న పెర్సీ స్పెన్సరు ఈ తరంగాలతో వంట చేయవచ్చునని గ్రహించాడు. 1947లో న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమావేశంలో పరిశ్రమలకు, ప్రయోగశాలలకు, వైద్యానికి అని కొన్ని పౌనఃపున్యాలను విడిగా కేటాయించారు. 2.45 గిగాహెర్ట్జ్ వాటిలో ఒకటి. అది నీటి అణువుకు అనునాద పౌనఃపున్యమని అనేక పుస్తకాలలో కనబడుతుంది గాని అది నిజం కాదు. గదివేడిమి వద్ద నీరు అత్యధికంగా పీల్చుకొనేది సుమారు 20 గిగాహెర్ట్జ్ వద్ద. పొయ్యిని అక్కడ నడిపితే కూర పైపొర మాడి లోపల చల్లగా మిగులుతుంది. 2.45 అయితే సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు లోపలికి పోతుంది. ఎవరికీ లైసెన్సు అక్కరలేని ఆ పౌనఃపున్యాలలోనే 1985లో అమెరికా ప్రభుత్వ సమాచార సంస్థ కొత్తరకం రేడియోలను అనుమతించింది. 1997లో వచ్చిన వైఫై ప్రమాణానికి ఆ అనుమతే పునాది. వంటపొయ్యికి, వీధి కెమేరాకు ఒకే వీధిలో ఇల్లు దొరికింది.

పొయ్యి లోపలి శక్తి సుమారు 1000 వాట్లు. రౌటరు పంపేది వాటులో పదోవంతు. పొయ్యి నుండి బయటకు రాదగిన శక్తికి అమెరికాలో కఠినమైన హద్దు ఉన్నది, దానివల్ల మనిషికి హాని లేదు. కానీ రౌటరు నుండి నాలుగు గదుల అవతలికి చేరే సంకేతం వాటులో వందకోట్లవ వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. దాని పక్కన పొయ్యి నుండి జారే అణుమాత్రం శక్తి కూడా పెద్ద కేకే. ఒక మిత్రుని ఇంట ప్రతి సాయంత్రం వీధి కెమేరా అయిదారు నిమిషాలు మూగబోయేది. ఇంటిల్లిపాదీ కలసి దోషం నానమ్మగారి మీద మోపారు. ఆవిడ ఏదో తీగ లాగుతున్నారని వారి అనుమానం. చివరకు తేలిందేమంటే నానమ్మగారు ఆ వేళకు మనుమడికి పాలు వేడిచేస్తారు. పొయ్యి సరిగ్గా రౌటరుకూ వీధి తలుపుకూ నడుమ ఉన్నది. రౌటరును మెట్ల మీదుగా పై గదిలోకి మార్చి, వాడుతున్న ఛానెలు 11 నుండి 1కి తిప్పగానే జబ్బు కుదిరింది. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద అమెరికాలో ఒకదానితో ఒకటి కలియని ఛానెళ్ళు 1, 6, 11 మాత్రమే. వాటిలో పొయ్యి గొంతుకు దూరంగా ఉండేది మొదటిది.

కొత్త పరికరాన్ని కలుపుకొనేటప్పుడు వచ్చే చిక్కులలో నూటికి అరవై వంతులు ఒక్కచోటనే ఉంటాయని నా అనుభవం. పరికరానికి 2.4 మాత్రమే వినబడుతుంది. చేతిలోని ఫోను 5 మీద ఉంటుంది. రౌటరు ఈ రెంటికీ ఒకే పేరు పెట్టుకొని కూర్చుంటుంది. ఇద్దరు చుట్టాలు ఒకే ఇంటిపేరుతో వేర్వేరు ఊళ్ళలో ఒకరికోసం ఒకరు వెదుక్కొన్నట్లు అవుతుంది. రౌటరులో 5ను పదినిమిషాలు ఆపి, పరికరాన్ని కలిపి, తిరిగి తెరవటం ఒక మార్గం. ఆ ఏర్పాటు దొరకకపోతే ఫోను పట్టుకొని పెరట్లోకి నడవండి; 5 అందని దూరం రాగానే ఫోను తనంతట తానే 2.4కు దిగుతుంది. అప్పటికీ కుదరకపోతే రౌటరు భద్రతా పద్ధతి చూడాలి. కొత్త పద్ధతి ఒక్కటే పెట్టి ఉంటే పాత పరికరాలకు ఆ భాష రాదు. ఇక రౌటరు మార్చినప్పుడు పాత పేరును, పాత సంకేతపదాన్ని, భద్రతా పద్ధతితో సహా కొత్తదానికి అక్షరం పొల్లుపోకుండా పెడితే ఇంటిలోని ఇరవై పరికరాలూ యజమాని మారాడని గ్రహించకుండానే పనిచేస్తాయి. ఈ ఒక్క మాట తెలియక శనివారాలు పోగొట్టుకొన్నవారు ఎందరో ఉన్నారు.

ప్రయోగశాలలో మేము ఒకేసారి రెండు మార్పులు చేయము. ఇక్కడా అదే పద్ధతి మంచిది. పనిచేయని పరికరాన్ని ముందు రౌటరుకు ఆరడుగుల దూరానికి తెచ్చి పెట్టండి. అక్కడ పనిచేస్తే దోషం దూరానిది. అక్కడా చేయకపోతే దోషం పరికరానిదో, సంకేతపదానిదో. అన్నిటినీ పీకి, అన్నిటినీ తిరిగి పెట్టి, ఏది చేస్తే బాగుపడిందో తెలియకుండా మిగలటం వల్ల వచ్చే వారం అదే జబ్బు మళ్ళీ వస్తుంది.

వైఫైతో పనిలేక తమలో తాము మాట్లాడుకొనే పరికరాలు మరొక జాతి. జిగ్‌బీ వాటిలో పేరున్నది. తేనెటీగలు తమ తోటివారికి పూల జాడ చెప్పటానికి చేసే నృత్యం నుండి ఆ పేరు పుట్టింది. ఇందులో గోడ ప్లగ్గుకు తగిలించిన ప్రతి పరికరమూ పక్కదాని మాటను అందుకొని ముందుకు పంపుతుంది. బ్యాటరీతో నడిచేవి తమ మాట చెప్పి నిద్రపోతాయి. కాబట్టి నడవాలోని ప్లగ్గును తీసి అక్కడ వాక్యూమ్ క్లీనరు తగిలిస్తే మేడమీది తలుపు మూగబోవచ్చు. బల్బుల విషయంలో మరొక సాంస్కృతిక సమస్య ఉన్నది. గది విడిచి పోయేటప్పుడు స్విచ్చి ఆర్పటం మన పెద్దలకు రక్తంలో ఉన్న అలవాటు. కరెంటు విలువ తెలిసిన తరం వారిది. స్విచ్చి ఆర్పిన బల్బు ఎంత తెలివైనదైనా చచ్చినదానితో సమానం. గొలుసులో దాని తరువాతి పరికరాలు కూడా దానితోబాటు పోతాయి. పెద్దల అలవాటు మార్చబూనటం కన్నా, మామూలు బల్బును ఉంచి స్విచ్చినే తెలివైనదిగా మార్చటం మర్యాద అనీ, చవక అనీ నా అభిప్రాయం. పాత ఇళ్ళలో స్విచ్చి పెట్టెలో న్యూట్రల్ తీగ ఉండకపోవచ్చు. అది లేనిదే చాలా స్విచ్చులు పనిచేయవు, ఎలక్ట్రీషియనును పిలవటమే మేలు. 2022లో వచ్చిన మ్యాటర్ అనే ప్రమాణం వేర్వేరు సంస్థల పరికరాలకు ఒక ఉమ్మడి భాష నేర్పుతున్నది. కొనేముందు పెట్టె మీద ఆ గుర్తు ఉన్నదేమో చూడటం మంచిది.

బ్యాటరీలలో కొంచెం ఆగవలసిన విషయం ఉన్నది. మామూలు ఆల్కలైన్ సెల్లులో జింకు, మాంగనీసు డయాక్సైడు ఉంటాయి. దాని ఓల్టేజి 1.5 నుండి మెల్లమెల్లగా దిగుతుంది. పరికరం ఆ దిగుదలను చూసి, ఇంకా ఇంత శాతం ఉన్నదని మనకు చెబుతుంది. ఇనుప సల్ఫైడుతో చేసిన లిథియం సెల్లు అలా దిగదు. చివరిదాకా ఒకే ఓల్టేజిని నిలిపి, ఒక్కసారిగా కూలుతుంది. తలుపు తాళంలో అది వేస్తే సాయంత్రం దాకా నిండుగా ఉన్నదని చూపి రాత్రికి మనలను మంచులో నిలబెడుతుంది. తిరిగి ఛార్జి చేసే సెల్లు మొదటి నుండీ 1.2 వద్దనే ఉంటుంది గనుక కొత్తదానినీ సగం అయిపోయినట్లు చూపుతుంది. ఏ సెల్లు వేయాలో తాళంతో వచ్చిన కాగితంలో రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం పాటించాలి. ఎంత తెలివైన తాళమైనా, ఒక ఇనుప తాళంచెవి పొరుగువారి దగ్గర ఉంచండి.

తలుపు, కిటికీ సూచికలలో వాడే రూపాయి బిళ్ళ వంటి 3 ఓల్టుల లిథియం సెల్లు గురించి ఒక హెచ్చరిక తప్పదు. పాకే వయసు పిల్లలు దాన్ని మింగితే, గొంతులోని తడి ద్వారా కరెంటు ప్రవహించి ఋణధ్రువం వద్ద తీవ్రమైన క్షారం పుడుతుంది. రెండు గంటలలోపే అన్నవాహిక కాలిపోగలదు. సెల్లు పాతదైపోయి పరికరాన్ని నడపలేకపోయినా ఈ హాని చేసేటంత శక్తి దానిలో ఉంటుంది. మింగినట్లు అనుమానం వస్తే చాలు, ఆలోచించక అత్యవసర విభాగానికి పరుగెత్తాలి. ఈ సెల్లుల అరలు పిల్లలు తెరవలేనట్లు ఉండాలని 2022లో అమెరికాలో చట్టం చేశారు. అంతకుముందు కొన్న పరికరాలు ఇంకా మన గోడల మీద ఉన్నాయి. మరలేని మూత కనబడితే దాని మీద గట్టి టేపు వేయండి.

కెమేరాల గురించి క్లుప్తంగా చెబుతాను. 2016 అక్టోబరులో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము తయారీదారు పెట్టిన సంకేతపదాన్ని ఎవరూ మార్చని కెమేరాలను, ఇతర పరికరాలను వేలసంఖ్యలో లోబరచుకొని, అమెరికాలో ఇంటర్నెట్టులో పెద్ద భాగాన్ని కొన్ని గంటలపాటు స్తంభింపజేసింది. 2024 ఏప్రిల్ నుండి బ్రిటనులో అందరికీ ఒకే సంకేతపదంతో పరికరాలు అమ్మటం నిషిద్ధం. మనం చేయవలసింది ఒక్కటే: మొదటి రోజే దాన్ని మార్చటం. పెద్దల గదిలో కెమేరా పెట్టదలచినప్పుడు వారిని అడిగి పెట్టాలన్నది సాంకేతిక విషయం కాదు గాని, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మన ఇళ్ళలో అతి ఎక్కువగా తిట్లు తినే పరికరం పొగను పసిగట్టేది. ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయలు వేగగానే అది ఇల్లెగిరేటట్లు కూస్తుంది. అందులో రెండు రకాలున్నాయి. ఒకదానిలో మైక్రోగ్రాముకన్నా తక్కువ అమెరీషియం-241 ఉంటుంది. అది గాలిని అయనీకరించి చిన్న కరెంటును నడుపుతుంది. కంటికి కనబడని సన్నని నూనె తుంపరలు అడ్డుపడగానే ఆ కరెంటు తగ్గి కూత వేస్తుంది. రెండవది కాంతి చెదరటాన్ని బట్టి పనిచేస్తుంది; దానికి తిరగమోత పొగ అంతగా పట్టదు. వంటింటికి దగ్గరగా రెండవ రకాన్ని, పొయ్యికి కనీసం 10 అడుగుల దూరంలో పెట్టుకోవాలి. కూతకు విసిగి దానికి ప్లాస్టిక్కు టోపీ తొడగటం, బ్యాటరీ ఊడదీయటం, ఈ రెండూ మన సంఘంలో నేను కళ్ళారా చూసిన పనులు. ఇంటికి నిప్పంటుకొనే రాత్రి ఆ టోపీని తీసేవారుండరు.

పొగ కనబడుతుంది. కార్బన్ మోనాక్సైడు కనబడదు, వాసన రాదు. రక్తంలోని హిమోగ్లోబిను దాన్ని ఆమ్లజని కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, నిద్రమత్తు, ఆపైన లేవలేకపోవటం. 2021 ఫిబ్రవరిలో టెక్సాసు గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు, చలికి తాళలేక గరాజులో కారు నడిపినవారు, ఇంటిలోపల బొగ్గుల పొయ్యి వెలిగించినవారు ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు మరణించారు. హ్యూస్టనులో, డాలసులో మనవారు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కరలేదు. ఆ రోజులలో కరెంటు పోతే రౌటరు పోయింది. దానితో ఫోనుకు వచ్చే హెచ్చరికలూ పోయాయి. కొన్నిసార్లు కరెంటు పోనక్కరలేదు. 2021 డిసెంబరు 7న దూరాన ఉన్న ఒక పెద్ద కంప్యూటరు కేంద్రాల సముదాయం తడబడితే దేశమంతటా తలుపు గంటలు, కెమేరాలు గంటల తరబడి మూగబోయాయి. అందుచేత ఈ ఒక్క పరికరం విషయంలో తెలివిని నమ్మకండి. అది ఫోనుకు కబురు పంపితే సంతోషమే. కానీ తన సొంత బ్యాటరీతో, ఎవరి సహాయమూ లేక, గోడ మీదనే గట్టిగా అరవగలగాలి.

దాని లోపల జరిగేది అందమైన రసాయన చర్య. ప్లాటినం పూసిన ధ్రువం మీద కార్బన్ మోనాక్సైడు నీటితో కలసి కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. ఆ మార్పులో రెండు ఎలక్ట్రానులు వెలువడతాయి. వాటి ప్రవాహమే కొలత. అమెరికా ప్రమాణం ప్రకారం గాలిలో పదిలక్షల వంతులకు 70 వంతులు ఉంటే ఒకటి నుండి నాలుగు గంటలలోపు, 400 వంతులుంటే 4 నుండి 15 నిమిషాలలోపు అది కూయాలి. లోపలి ధ్రువాలు కాలక్రమాన నీరసిస్తాయి గనుక ఈ పరికరానికి ఆయుర్దాయం ఉన్నది. నమూనాను బట్టి 5 నుండి 10 సంవత్సరాలు.

ఇండియాకు పరికరాలు పట్టుకుపోయేవారికి రెండు మాటలు. అమెరికా గోడ ప్లగ్గు పరికరం 120 ఓల్టులకు తయారైనది. అక్కడ 230 ఓల్టులు. అడుగున రాసిన అంకెలు చూడకుండా తగిలిస్తే అది పొగ పరికరాన్ని పరీక్షించటానికే పనికివస్తుంది. జీ-వేవ్ అనే జాతి పరికరాలు అమెరికాలో 908 మెగాహెర్ట్జ్ వద్ద, ఇండియాలో 865 ప్రాంతంలో మాట్లాడతాయి. ఇక్కడివి అక్కడివాటితో మాట్లాడవు, వాటిని అక్కడ వాడటానికి అనుమతి కూడా లేదు. మనిషి కదలికను పసిగట్టి దీపం వెలిగించే సూచికలు శరీరం నుండి వచ్చే పరారుణ కిరణాలను చుట్టూ ఉన్న వేడితో పోల్చి చూస్తాయి. రోహిణి కార్తెలో గది గోడలే మన ఒంటి వేడికి వస్తే అది మనిషిని గోడగా భావించటంలో తప్పు లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు మేలుకొనటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా పరికరం వెదకి వెదకి విరమించుకొంటుంది. “నాన్నగారూ, రౌటరు మీద పచ్చదీపం వచ్చేదాకా ఆగి, అప్పుడు ఆ ప్లగ్గు తీసి పెట్టండి” అని ఫోనులో చెప్పటంతో చాలా చిక్కులు తీరుతాయి. రౌటరుకు ఒక చిన్న బ్యాటరీ ఏర్పాటు చేస్తే ఆ మాట కూడా అక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది గ్యాస్ గీజరు. మన ఊళ్ళలో చిన్న స్నానాల గదిలో, కిటికీ మూసుకొని, గోడమీది గ్యాస్ గీజరు వెలిగించుకొని స్నానం చేయటం మామూలు. మూసిన గదిలో ఆమ్లజని తరిగేకొద్దీ మంట పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడును వెలువరిస్తుంది. ఇలా ప్రాణాలు పోయిన వార్తలు చలికాలంలో పత్రికలలో వస్తూనే ఉంటాయి. దీనికి అసలు మందు పరికరం కాదు. గీజరును గది బయట గాలి ఆడే చోటుకు మార్చించటం, లేదా కరెంటు గీజరు పెట్టించటం. అది జరిగేవరకు, జరిగిన తరువాత కూడా, ఒక కార్బన్ మోనాక్సైడు పరికరం ఉండటం మంచిది. దాన్ని స్నానాల గదిలో పెట్టకూడదు, ఆవిరికి చెడుతుంది. తలుపు బయట, పడకగదికి దగ్గరగా పెట్టాలి. వంటగ్యాసు కారటాన్ని ఇది పట్టలేదు. దానికి వేరే పరికరం కావాలి. ఆ గ్యాసు గాలికన్నా బరువు గనుక దాన్ని నేలకు దగ్గరగా బిగించాలి.

ఇంకొక సంగతి. ఇన్వర్టరు ఉన్న గదికి దూరంగా పెట్టండి. సీసపు ఆమ్ల బ్యాటరీ ఛార్జి ఎక్కువైనప్పుడు ఉదజని వెలువడుతుంది; ప్లాటినం ధ్రువం దానినీ కార్బన్ మోనాక్సైడుగానే లెక్కగట్టి కూస్తుంది. కారణం లేకుండా రెండుసార్లు కూసిన పరికరాన్ని మూడవసారి అమ్మ సొరుగులో పెట్టేస్తారు. కూసినప్పుడు చేయవలసింది ముందే చెప్పి ఉంచాలి: ముందు మనుషులు బయటకు రావాలి, కారణం వెదకటం తరువాత. పరీక్ష మీట నొక్కితే కూత, విద్యుత్తు బాగున్నాయని మాత్రమే తెలుస్తుంది. లోపలి ధ్రువం బతికి ఉన్నదీ లేనిదీ తెలియదు. అందుకని నెలకొకసారి ఆదివారం ఫోనులో మాట్లాడేటప్పుడు ఆ మీట నొక్కించి కూత వినండి. పిమ్మట పరికరాన్ని గోడనుండి తీయించి, వెనుక ముద్రించిన మార్పు తేదీని చదివించి రాసుకోండి.